పావురాయి గుండె

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర దాణా కొట్టు పెట్టే నాటికి వీరరాఘవయ్యకు నలభై నాలుగేళ్ళు. అందులో పద్దెనిమిదేళ్ళు పట్టాళంలోనే గడిచాయి. తుపాకీ పట్టే పని కాదు. గుర్రాలకూ కంచరగాడిదలకూ వైద్యం చేసే చోట కట్లు కట్టడం, మందులు పట్టడం ఆయన పని. వర్తకుల ఇంట పుట్టినవాడికి పట్టాళమేమిటని పోయేటప్పుడు నవ్వినవాళ్ళే, తిరిగొచ్చి ఉలవలూ తవుడూ తూస్తూ కూర్చుంటే, ఈ మాత్రానికి అంత దూరం పోవాలా అని మళ్ళీ నవ్వారు. భార్య చాలా కాలం క్రితమే పోయింది. పిల్లల్లేరు. కొట్టు వెనక గదిలోనే వండుకునేవాడు.

1971 వేసవిలో ఒక మధ్యాహ్నం చిల్లకల్లు వైపు నుంచి ఒక జట్కా వచ్చింది. బండి కర్రల మధ్య గుర్రం లేదు, మనిషి ఉన్నాడు. నలభై దాటిన బక్కపల్చని మనిషి, చొక్కా విప్పి నడుముకు చుట్టుకుని, బండిని తనే లాక్కొస్తున్నాడు. వెనక బూడిదరంగు ఆడగుర్రం ఒకటి, తాడు లేకుండానే కుంటుకుంటూ అతని వెంట నడుస్తోంది. బస్టాండులో జనం గుమిగూడి ఈలలు వేశారు. ఆ మనిషి ఎవరి వంకా చూడలేదు. కొట్టు ముందు బండి దించి, "అయ్యగారూ, గుర్రాల సంగతి మీకు తెలుసంటండి. దీని కాలొకసారి చూస్తారా?" అన్నాడు.

గిట్టలో రాయి ఇరుక్కుంది. వీరరాఘవయ్య దాన్ని తీసి, పసుపూ వేపనూనే పెట్టి కట్టు కట్టాడు.

"ఎక్కణ్ణించి లాక్కొస్తున్నావు?"

"చిల్లకల్లు నించండి. అక్కడ కుంటటం మొదలెట్టింది. దిగి నడవమంటే సవారీవాళ్ళు తిట్టి బస్సెక్కి పోయారు."

"బండి అక్కడే వదిలేసి రావచ్చుగా?"

"బండి లేకపోతే రేపు నాకూ దీనికీ తిండెక్కడిదండి?"

అతని పేరు ఆశీర్వాదం. గుర్రం పేరు పావురాయి. ఆ పేరు పెట్టింది అతని భార్య మార్తమ్మ. వాళ్ళకూ పిల్లల్లేరు. మార్తమ్మ దానికి గంజిలో ఉప్పేసి తాగించేది, ఆదివారం చర్చికి పోయే ముందు ఒళ్ళు తోమేది, అది మాట వింటుందన్నట్టు దానితో ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది.

అప్పటినుంచి సాయంత్రం బండి కట్టేశాక ఆశీర్వాదం కొట్టు దగ్గరకు వచ్చేవాడు. మొదట్లో అరుగు కింద నిలబడి మాట్లాడేవాడు. ఏడాది తిరిగేసరికి వీరరాఘవయ్య అతన్ని అరుగు మీద కూర్చోబెట్టాడు. ఎవరో వచ్చి అదేమిటని అడిగితే, "పట్టాళంలో అందరం ఒక బెంచీ మీదే కూర్చునేవాళ్ళం" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. గుర్రాల గురించి అంత ఇష్టంగా వినే మనిషి వీరరాఘవయ్యకు ఆ ఊళ్ళో ఇంకొకడు దొరకలేదు. ముందుకాలి వెనక, ఎడమ పక్కన చెవి పెడితే గుండె ఎలా వినిపిస్తుందో, మెడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే అది వెంటనే అణగకపోతే ఒంట్లో నీళ్ళు ఎంత తగ్గినట్టో ఆయనే చూపించాడు.

1974 సంక్రాంతి వెళ్ళాక ఊళ్ళో యువజన సంఘం వాళ్ళు గుర్రాల పందెం పెడదామనుకున్నారు. ఆ చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో ఇంకా చాలామందికి గుర్రాలుండేవి. కొందరు ఆసాములు పొలాల మీద తిరగడానికి ఉంచుకునేవాళ్ళు, మిగతావి జట్కా గుర్రాలు. జగ్గయ్యపేట నుంచి నందిగామకు, మళ్ళీ వెనక్కు. రోడ్డు పక్క డొంక వెంట నలభై మైళ్ళు. నియమాలు రాయమని వీరరాఘవయ్యను అడిగారు.

ఆయన రాసిన నియమాలు విని వాళ్ళు తెల్లబోయారు. ముందు వచ్చినవాడిది గెలుపు కాదు. మధ్యాహ్నం లోపు వచ్చిన గుర్రాలన్నిటినీ పరీక్ష చేస్తారు. ఏ గుర్రం అందరికన్నా కులాసాగా ఉందో, మర్నాడు పొద్దున ఏది శుభ్రంగా మేత మేసి, కుంటకుండా దౌడు తీస్తుందో దానిది కప్పు. మధ్యలో నందిగామలో గంటసేపు ఆగాలి. ఆగి అరగంటైనా గుండె నిమిషానికి అరవై నాలుగుకు దిగకపోతే ఆ గుర్రాన్ని అక్కడే ఆపేస్తారు. రౌతు దిగి ఎంత దూరమైనా పక్కన నడవచ్చు.

"ఇది పందెమా, పశువుల సంతా?" అన్నారెవరో.

"గుర్రానికి పందెమని తెలియదు. తెలిసినవాళ్ళం మనమే. అందుకని దాని మంచిచెడ్డలు మనమే చూడాలి" అన్నాడు వీరరాఘవయ్య.

ఆ మొదటి ఏడు ఆశీర్వాదం గెలిచాడు. ఎత్తు వచ్చిన ప్రతిచోటా దిగి నడిచాడు, వాగు కనిపిస్తే జీను పట్టీ వదులు చేసి నీళ్ళు చల్లాడు. ఆ తర్వాత రెండేళ్ళూ అతనే గెలిచాడు. కప్పుల్ని మార్తమ్మ దూలానికి తాడు కట్టి వేలాడదీసింది. పిల్లి ఎక్కడ పడేస్తుందోనని ఆమె భయం.

నాలుగో ఏడు, 1977లో, నందిగామ నుంచి బుల్లిబాబు వచ్చాడు. పెద్ద కమతం ఉన్న ఇంటి కుర్రాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఉత్తరాది నుంచి తెప్పించిన పొడుగుపాటి మగగుర్రం మీద వచ్చాడు. స్వారీ బాగానే చేస్తాడు. అందరికన్నా నలభై నిమిషాలు ముందు జగ్గయ్యపేట చేరాడు. మర్నాడు పొద్దున ఆ గుర్రం మేత ముట్టలేదు. వెనక కాలు ఈడ్చింది. కప్పు మళ్ళీ ఆశీర్వాదానికే ఇచ్చారు.

బుల్లిబాబు గొడవ చేయలేదు. అందరి ముందూ నవ్వుతూనే అన్నాడు: "ఎక్కొచ్చినవాడికి మజ్జిగ, నడిచొచ్చినవాడికి కప్పు. బాగుంది మీ ఊరి లెక్క. గుర్రాన్ని మేపేవాణ్ణి గుర్రపువాడంటారు గానీ రౌతనరు. అయినా కొట్టుగారు తన మనిషికి తను ఇచ్చుకున్నారు. అనటానికి మనమెవరం?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆశీర్వాదం తల వంచుకున్నాడు. వీరరాఘవయ్య ముఖం నల్లబడింది. పట్టాళంలో పద్దెనిమిదేళ్ళూ ఎవరూ ఆయన్ను పక్షపాతి అనలేదు. ఆ రాత్రి అన్నం వండుకోలేదు. తర్వాత కూడా, అరుగు మీద ఆశీర్వాదం పక్కన కూర్చున్నప్పుడు రోడ్డు మీద ఎవరైనా నవ్వితే అది తమను చూసేనేమో అనిపించేది.

మరుసటి ఏడు తుఫానులూ తగాదాలతో పందెం జరగలేదు. 1979లో నందిగామవాళ్ళు, తామే పెడతామని ముందుకొచ్చారు. వెంకటకృష్ణారావు గారని ఒక మిల్లు యజమాని పెద్దగా నిలబడ్డాడు. శ్రీరామనవమి వారంలో పందెం. నందిగామలో బయలుదేరి జగ్గయ్యపేట దాకా పోయి వెనక్కు రావాలి. మధ్యలో పది నిమిషాలే విశ్రాంతి. ముందొచ్చిన గుర్రానిదే కప్పు. వచ్చాక పావుగంట నాలుగు కాళ్ళ మీద నిలబడితే చాలు.

వెంకటకృష్ణారావు స్వయంగా కొట్టుకు వచ్చాడు. "జగ్గయ్యపేటలో గుర్రాల్ని మీరే చూడాలండి. మీకన్నా తెలిసినవాళ్ళు లేరు."

"చూసి?"

"ఎలా ఉందో రౌతుకు చెప్పండి. అంతవరకే. ఆగాలో పోవాలో వాడి ఇష్టం."

"ఎండల్లో పెట్టారే?"

"జనం వచ్చేది అప్పుడేగదండీ. కోతలయిపోయి ఖాళీగా ఉంటారు."

ఒప్పుకోకూడదనే అనుకున్నాడు వీరరాఘవయ్య. కానీ ఆయన వద్దంటే ఎవడో ఏమీ తెలియనివాణ్ణి కూర్చోబెడతారు. కనీసం తన మాట విని ఒకరిద్దరైనా ఆగుతారనిపించి సరేనన్నాడు.

ఆ సాయంత్రం ఆశీర్వాదం వచ్చి చాలాసేపు ఉలవల బస్తా మీద వేళ్ళతో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"నేనూ పేరిచ్చానండి" అన్నాడు చివరికి.

"ఆ పందేనికా?"

"ఆళ్ళ లెక్కలో కూడా ఒక్కసారి గెలవాలండి. ఒక్కసారే. ఆ తర్వాత మళ్ళీ ఎక్కను."

వద్దని చెప్పడానికి వీరరాఘవయ్య నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఆయనకూ ఒక ఆలోచన వచ్చింది. ఆశీర్వాదం వాళ్ళ నియమాల మీదే గెలిస్తే, తను నాలుగేళ్ళు ఇచ్చిన కప్పులు సరైనవేనని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాడు గానీ దాన్ని తోసెయ్యలేకపోయాడు.

"దాని ఒళ్ళు చూసుకుని నడుపు" అన్నాడు. వద్దనలేదు.

పందెం రోజున పొద్దున ఆరింటికి నందిగామలో పదకొండు గుర్రాలు బయలుదేరాయి. ఎనిమిదిన్నరకు మొదటి గుర్రం జగ్గయ్యపేట చేరింది. అది బుల్లిబాబుది. నాలుగు నిమిషాల తర్వాత పావురాయి వచ్చింది. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఊరి బయట కళ్ళాల్లో మిరపకాయలు ఎండబోశారు. ఘాటుకు జనం తుమ్ముతూ, కేకలు వేస్తూ నిలబడ్డారు.

ఆశీర్వాదం దిగి పక్కకు తప్పుకున్నాడు. పావురాయి రెండు గుక్కలు తాగి తొట్టిలోంచి మూతి తీసేసింది. వీరరాఘవయ్య జీను కింద చెయ్యి పెట్టి చూశాడు. చెమట పట్టాల్సిన చోట పొడిగా ఉంది. మెడ మీద చర్మం పట్టి వదిలితే అది మడతపడినట్టు అలాగే నిలబడి, చాలాసేపటికి గానీ అణగలేదు. పది నిమిషాలు అయ్యేదాకా ఆగి, స్టెతస్కోపు పెట్టి గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. డెబ్బై ఎనిమిది. ఎప్పుడూ ఈపాటికి అరవై లోపుకు దిగే గుండె అది. నమ్మకం కలగక మళ్ళీ లెక్కపెట్టాడు. డెబ్బై ఎనిమిదే.

ఆయన తలెత్తాడు. ఆశీర్వాదం కళ్ళెం పట్టుకుని ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. అవతల బుల్లిబాబు అప్పుడే ఎక్కి బయలుదేరాడు. జనంలోంచి ఎవడో అరిచాడు: "ఇదిగో, ఇక దిగి నడుస్తాడు చూడండి."

"ఎట్టా ఉందండి?" అని అడిగాడు ఆశీర్వాదం.

పావురాయి తల కొంచెం వంచి నిలబడి ఉంది. దాని చెవులు రెండూ ఆశీర్వాదం వైపే ఉన్నాయి.

"పర్లేదు. మెల్లగా పో" అన్నాడు వీరరాఘవయ్య.

ఆశీర్వాదం ఇంకో క్షణం ఆయన వంక చూసి, ఎక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత వచ్చిన తొమ్మిది గుర్రాల్లో ఐదింటికి ఆపమనే చెప్పాడు వీరరాఘవయ్య. ముగ్గురు విన్నారు. చివరి గుర్రం వెళ్ళగానే స్టెతస్కోపు జేబులో పెట్టుకుని బెజవాడ బస్సెక్కాడు. ఎందుకు పోతున్నాడో ఆయనకు సరిగా తెలియదు. కిటికీ పక్కన కూర్చుని, డొంక కనిపించినంత మేరా చూస్తూనే ఉన్నాడు.

గౌరవరం దాటాక కనిపించారు. బుల్లిబాబు గుర్రం ముందుంది. దాని వెనక రెండు మూడు వందల గజాల్లో పావురాయి. బస్సులో జనం లేచి నిలబడి ఈలలు వేశారు. డ్రైవరు హారను కొట్టాడు. ఆశీర్వాదం చేతిలో వేపబెత్తం ఉంది. ఎనిమిదేళ్ళుగా అతని చేతిలో చెర్నాకోల గానీ బెత్తం గానీ వీరరాఘవయ్య ఒక్కనాడూ చూడలేదు. బండి తోలేటప్పుడు కూడా నాలుకతో టకటకమనడమే. ఆ చెయ్యి పైకి లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. వీరరాఘవయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "ఆశీర్వాదం, ఆపు" అన్నాడు. బస్సు చప్పుడులో ఆ మాట పక్కన కూర్చున్నవాడికి కూడా వినిపించి ఉండదు. బస్సు దాటిపోయింది.

పదకొండు దాటాక నందిగామ మైదానంలోకి మొదట వచ్చింది పావురాయే. బుల్లిబాబు గుర్రానికన్నా ఇరవై గజాలు ముందు. జనం విరగబడ్డారు. వెంకటకృష్ణారావు దండ వేసి, గడియారం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పావురాయి పావుగంట నిలబడింది. నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, తల నేలకు వేలాడేసి, కదలకుండా నిలబడింది. కాలం పూర్తయిందని ఆయన చెయ్యి ఊపగానే చప్పట్లు కొట్టారు. బుల్లిబాబు వచ్చి ఆశీర్వాదం చెయ్యి పట్టుకుని ఊపాడు. "రౌతువే. నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు. ఆశీర్వాదం ఆ చేతిని విడిపించుకుని కప్పు అందుకోకుండానే గుర్రం దగ్గరకు పోయాడు. కప్పు ఎవరో తెచ్చి, బస్సు దిగి మైదానానికి వచ్చిన వీరరాఘవయ్య చేతిలో పెట్టారు.

తడి గోనెలు కప్పారు. ఉప్పూ బెల్లమూ కలిపిన నీళ్ళు సీసాతో పోశారు. సగం పక్కనుంచి కారిపోయాయి. నీడలో రెండు గంటలుంచాక కాస్త కళ్ళు తెరిచినట్టనిపిస్తే, మెల్లగా నడిపించుకుపోతానన్నాడు ఆశీర్వాదం. జనం మధ్య దాన్ని ఉంచడం అతనికి ఇష్టం లేదు. అంబారుపేట దాకా వచ్చారు. అక్కడ రోడ్డు పక్కన ముందుకాళ్ళు మడిచి కూలబడింది. కడుపు బిగిసిపోయింది. లేపడానికి ఇద్దరూ కలిసి ప్రయత్నించారు. తల ఎత్తి, కడుపు వైపు తిప్పి చూసుకుని, మళ్ళీ నేలకు ఆనించింది.

మార్తమ్మకు గెలిచిన సంగతి జగ్గయ్యపేటలో తెలిసింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, గుడ్డలో తవుడు ముద్దలు మూటకట్టుకుని బస్సులో వస్తోంది. కిటికీలోంచి మొగుణ్ణి చూసి కేక వేసి బస్సు ఆపించింది. వచ్చి పావురాయి తల ఒళ్ళో పెట్టుకుంది. తవుడు ముద్ద పెదాలకు తగిలించింది. అది నోరు తెరవలేదు. "అమ్మా, ఇదుగో, నీకోసరమే చేసానే" అంటూ వేలితో కొంచెం నాలుక మీద రాసింది.

నాలుగు గంటల వేళ పావురాయి చచ్చిపోయింది. కాళ్ళు ఒకసారి పరుగెత్తినట్టు కదిలి ఆగిపోయాయి.

మార్తమ్మ ఏడవడం మొదలుపెట్టింది చాలాసేపటి తర్వాత. కొంగుతో దాని కళ్ళు తుడిచి, తలెత్తి వీరరాఘవయ్యను అడిగింది.

"ఎండదెబ్బేనా అయ్యగారూ?"

ఆశీర్వాదం అటు తిరిగి జీను ఊడదీస్తున్నాడు. అతని చేతులు ఆగాయి.

"ఎండదెబ్బే" అన్నాడు వీరరాఘవయ్య.

బుల్లిబాబు సైకిలు మీద వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. పక్కనే తమ బీడు ఉందనీ, అక్కడ పూడ్చుకోమనీ చెప్పి, పారలు తెప్పించి, తనూ తవ్వాడు. గొయ్యి పూర్తయ్యేసరికి పొద్దుగూకింది. ఆ తర్వాత బుల్లిబాబు తన గుర్రాన్ని ఎవరికో ఇచ్చేశాడని విన్నారు. పందెం ఇంకెవరూ పెట్టలేదు.

ఆశీర్వాదం మళ్ళీ గుర్రం కొనలేదు. జట్కా ముక్కలు చేసి వంటచెరకుగా వాడారు. భార్యాభర్తలు ఊరు వదిలి గరికపాడు చేరారు. చెక్‌పోస్టు దగ్గర ఆగే లారీలకు నీళ్ళు పట్టడం, కడగడం అతని పని. పక్కన హోటల్లో మార్తమ్మ గిన్నెలు తోమేది. గరికపాడు ఎంతో దూరం కాదు. బస్సెక్కితే అరగంట. వీరరాఘవయ్య మొదటి ఏడాది రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. తను ఆపమని ఉంటే పావురాయి బతికేదని ఆశీర్వాదానికి తెలిసే ఉంటుంది, అందుకే ముఖం చూపించడం లేదని ఆయన అనుకున్నాడు. ఆ కప్పు కొట్టులోనే ఉండిపోయింది. దాన్ని గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టాడు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. బస్టాండులో జట్కాలు పోయి ఆటోలు వచ్చాయి. ఉలవలు అడిగేవాళ్ళు తగ్గి, కొట్టులో ఎక్కువగా కోళ్ళ దాణా అమ్ముడుపోయేది. 1987 వేసవిలో ఒక పొద్దున మార్తమ్మ వచ్చి కొట్టు ముందు నిలబడింది. జుట్టంతా తెల్లబడింది. వీరరాఘవయ్య ముందు గుర్తుపట్టలేదు.

"ఆయనకి బాలేదండి. ఊపిరాడట్లా. మిమ్మల్నొకసారి చూడాలంటున్నాడు."

ఆయన కొట్టు మూసి ఆమె వెంట బస్సెక్కాడు.

రేకుల పాకలో నులకమంచం మీద ఆశీర్వాదం గోడకు చేరగిలబడి ఉన్నాడు. డొక్కలు లేచి పడుతున్నాయి. వీరరాఘవయ్యను చూసి లేవబోయాడు.

"పడుకో, పడుకో" అని ఆయన మంచం మీదే కూర్చున్నాడు.

మార్తమ్మ టీ పెడతానని పాక వెనక పొయ్యి దగ్గరకు వెళ్ళింది. కాసేపు ఇద్దరూ రోడ్డు మీది లారీలను చూశారు. వీరరాఘవయ్య ఎనిమిదేళ్ళుగా మనసులో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మర్చిపోయాడు.

"ఆశీర్వాదం, ఆ రోజు నేను నీకు అబద్ధం చెప్పా. పర్లేదన్నాను. దాని ఒళ్ళేం బాలేదు. ఆపమనాల్సింది."

ఆశీర్వాదం ఆశ్చర్యపోలేదు. "ఎంతుందండి?" అన్నాడు.

"డెబ్బై ఎనిమిది."

"నేనింకా ఎక్కువనుకున్నా."

వీరరాఘవయ్య అతని వంక చూశాడు.

"నాకు తెలుసండి" అన్నాడు ఆశీర్వాదం, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ. "చిల్లకల్లు కాడే తెలుసు. నా తొడల కింద కొట్టుకుంటంది గదా. ఎప్పుడూ అట్టా కొట్టుకోలా. దిగుదామనుకున్నా. జగ్గయ్యపేటలో మీరెటూ ఆపేస్తారు గదా అని దిగలా. మీరు ఆపితే నాకు పరువు పోదు. అయ్యగారు ఆపారని చెప్పుకోవచ్చు."

"నువ్వే దిగుతావనుకున్నా" అన్నాడు వీరరాఘవయ్య. "మెల్లగా పో అంటే నీకు అర్థమవుతుందనుకున్నా. అదీ అబద్ధమేలే. నువ్వు గెలవాలనుంది నాకు. నీ కోసం కాదు. వాళ్ళు నన్నన్న మాట వాళ్ళ చేతే మింగించాలని."

"నాకూ అంతేనండి."

"బస్సులోంచి చూశా. బెత్తం పట్టుకున్నావు."

"ఆ." ఆశీర్వాదం తన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. లారీలు కడిగి కడిగి వేళ్ళ సందులు తెల్లగా ఒరిసిపోయి ఉన్నాయి. "కొట్టిన ప్రతిసారీ ముందుకే పోయిందండి. ఒక్కసారన్నా ఆగితే దిగేవాణ్ణి. ఆగలా. నేను కొడుతున్నానంటే ఏదో ఆపదొచ్చి ఉంటుందనుకుందేమో, పిచ్చిముండ." చెయ్యి దించేశాడు. "మిమ్మల్ని చూస్తే ఇదంతా చెప్పాల్సొస్తుందని రాలేదండి ఇన్నాళ్ళూ. మీరు నన్ను అసహ్యించుకుంటారని."

వీరరాఘవయ్య అతని చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ముసలితనంలో ఏడుపు ఇంత సులువుగా వస్తుందని ఆయనకు తెలియదు.

గుమ్మంలో గాజు గ్లాసులు పట్టుకుని మార్తమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"మీకు ముందే తెలుసా?" అంది. ఎవర్ని అడిగిందో తెలియలేదు.

"ఎండదెబ్బన్నారు." ఆమె గొంతు పెద్దది కాలేదు. "దేవుడి చిత్తమనుకున్నా. ఎనిమిదేళ్ళు దేవుణ్ణి అడుగుతున్నా, అదేం పాపం చేసిందయ్యా అని. మీ ఇద్దర్నీ అడగాల్సింది."

గ్లాసులు నేల మీద పెట్టి బయటకు పోయింది. హోటల్లో గిన్నెల చప్పుడు మొదలైంది. వీరరాఘవయ్య ఆఖరి బస్సు దాకా కూర్చున్నాడు. ఆమె మళ్ళీ పాకలోకి రాలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన గరికపాడు వెళ్ళేవాడు. మందులు తీసుకుపోయేవాడు. ఆశీర్వాదానికి ఊపిరి ఆడిన రోజున పావురాయి గురించి మాట్లాడుకునేవాళ్ళు. పందేల సంగతి కాదు. అది మార్తమ్మ కొంగు నమలడం, వానొస్తే చూరు కిందకి తల మాత్రం పెట్టి నిలబడటం, ఇలాంటివి. మార్తమ్మ ఆయనకు పీట వేసేది. మంచినీళ్ళు ఇచ్చేది. మాట్లాడేది కాదు. మొగుడితో కూడా అవసరమైనంతవరకే మాట్లాడేది. కానీ అతని వీపు రాస్తూ రాత్రిళ్ళు కూర్చునేది ఆమే.

శ్రావణంలో ముసురు పట్టిన రోజున ఆశీర్వాదం పోయాడు. వాన తెరిపిచ్చాక ఊరి బయట క్రైస్తవుల శ్మశానంలో పెట్టారు. వచ్చినవాళ్ళు ఎక్కువ లేరు. లారీ క్లీనర్లు నలుగురు, హోటలు మనిషి, పాస్టరు, వీరరాఘవయ్య. అందరూ వెళ్ళిపోయాక మార్తమ్మ బురదలో అడుగులు చూసుకుంటూ ఆయన దగ్గరకు వచ్చింది. రోజంతా ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"పోయేముందు నన్ను అడిగాడండి" అంది. "క్షమించానని చెప్పా. నిజంగానే చెప్పా."

వీరరాఘవయ్య తల ఊపాడు.

"మిమ్మల్ని క్షమించటం ఇంకా నావల్ల కాలేదయ్యగారూ. చెయ్యాలి. వాక్యం అదే చెబుతుంది. రోజూ ప్రార్థన చేస్తున్నా. ఇంకా రావట్లా."

"రాకపోయినా నువ్వేం బాధపడకు మార్తమ్మా" అన్నాడాయన.

ఆమె కొంగు తల మీదకు లాక్కుని హోటలు వైపు నడిచింది. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. వీరరాఘవయ్య బురదలో జారకుండా గట్టు పట్టుకుంటూ రోడ్డెక్కి, జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డాడు.